మంది చెట్లు

చెట్టెక్కడం వచ్చునని చెప్పడమే పోచన్న చేసిన తప్పు. పైగా దాన్ని సంబరంగా చేశాడు.

ఒమన్‌లోని మబేలాలో అతను రెండేళ్లు కట్టుబడి పని చేసిన కంపెనీ మూతపడింది. ఇంటికి పోవడమా, ఇంకో పని చూసుకోవడమా అని కొట్టుమిట్టాడుతుంటే, రుస్తాఖ్‌లో ఖర్జూరం తోట పని ఉందని ఇనాయత్ కబురు తెచ్చాడు. ఇనాయత్‌ది కడప. పికప్ బండిలో గడ్డిమోపులూ ఖర్జూరం డబ్బాలూ తిప్పుతుంటాడు. తోటలవాళ్ల గుట్టంతా అతనికి తెలుసు. పోచన్నను బండిలో తీసుకుపోతూ దారిపొడుగునా ఒకటే మాట చెప్పాడు. అర్బాబ్, అంటే యజమాని, ఏ పని వచ్చని అడిగితే నీళ్లు కడతాననీ, గడ్డి కోస్తాననీ, మేకల్ని చూసుకుంటాననీ చెప్పాలి. అక్కడితో నోరు మూసుకోవాలి.

పోచన్న సరేనని తలూపాడు. తోటకు చేరేసరికి కాబోయే యజమాని హమద్ ఒక చెట్టు మొదట్లో నిలబడి తలెత్తి చూస్తున్నాడు. పాత పనివాడు మోకాళ్లు అరిగిపోయి తన దేశం వెళ్లిపోయాడట. ఈ చెట్లెక్కే మనిషి ఇప్పుడు దొరకడం లేదట. ఒమన్ పిల్లలకు ఆఫీసులు కావాలి, బయటినుంచి వచ్చినవాళ్లకు నేల మీది పని కావాలి అని హమద్ సగం అరబ్బీలో, సగం హిందీలో వాపోయాడు.

పోచన్న ఆ చెట్టు వంక చూశాడు. నలభై అడుగులుంటుంది. మొదలు నుంచి మొవ్వ దాకా మట్టల మోళ్లు మెట్లలా ఉన్నాయి. ఇరవై రెండేళ్లు తాళ్లూ ఈతలూ గీసిన మనిషికి అది చెట్టు కాదు, నిచ్చెన. అతని సూట్‌కేసు అడుగున మోకు ఉంది. ఇళ్లు కట్టే పనికి కల్లు గీసేవాడి మోకు ఎందుకని మబేలా రూమ్‌లో అందరూ నవ్వేవాళ్లు. ఎందుకు తెచ్చుకున్నాడో అతనికీ సరిగ్గా తెలియదు. ఇనాయత్ కన్నెర్ర చేస్తున్నా చూడనట్టు, బండిలోంచి సూట్‌కేసు దింపి, మోకు తీసి చెట్టు చుట్టూ వేసి నడుముకు బిగించుకున్నాడు. రెండు నిమిషాల్లో మొవ్వ కింద కూర్చుని ఉన్నాడు.

హమద్ అక్కడికక్కడే ఫోన్ తీసి వాళ్ల అన్నకు చేశాడు.

తిరిగి వెళ్లేముందు ఇనాయత్ బండి అద్దం దించి అన్నాడు. "ఏమన్నా, పెండ్లికూతురు మాదిరి ఎక్కి కూర్చుంటివే. ఇంగ నిన్ను దించేవాడు పుట్టల్ల."

పోచన్న నవ్వాడు. పనిలో నేర్పు చూపితే యజమాని మెచ్చుతాడు, మెచ్చినవాడు అడిగింది ఇస్తాడు అని అతని లెక్క. అతను అడగదలుచుకున్నది ఒక్కటే. ఆ సాయంత్రమే, ఇనాయత్‌కు ఫోన్ చేసి, అతని చేత అరబ్బీలో చెప్పించాడు. జీతం మీరు అనుకున్నంతే ఇవ్వండి, కానీ వచ్చే దసరాకు నెల రోజులు సెలవు కావాలి. దసరా వెళ్లిన ఆదివారం నేను మా ఊళ్లో ఉండాలి. హమద్ గుండె మీద చెయ్యి వేసుకుని, కాయ కోత అయిపోతుంది గదా అప్పటికి, తప్పకుండా వెళ్లమన్నాడు. పాస్‌పోర్టు మాత్రం జాగ్రత్త కోసమని ఇంటికి పట్టుకెళ్లాడు.

ఆ ఆదివారం సంగతి ఇది. పోచన్నది మెట్‌పల్లి అవతల ఒక చిన్న ఊరు. అక్కడ గీత పనివాళ్ల సంఘం ఏటా దసరా వెళ్లిన మొదటి ఆదివారం చెట్లు పంచుతుంది. పోచన్న వాటాకు పద్దెనిమిది ఈతలు, ఆరు తాళ్లు. అతను గల్ఫ్‌కు వచ్చాక వాటిని చిన్నాయన కొడుకు పెద్దులు గీస్తున్నాడు. సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. వరసగా రెండేళ్లు చెట్టు ముట్టనివాడు మూడో పంపకం నాడు అందరి ముందూ ఒక చెట్టెక్కి చూపాలి. లేకపోతే పేరు కొట్టేస్తారు, చెట్లు వేరేవాడికి పోతాయి. దుబాయిలో కూర్చుని ఇక్కడ చెట్ల మీద పెత్తనం చేసేవాళ్లు ఎక్కువయ్యారని తొమ్మిదేళ్ల కిందట పెట్టిన కట్టుబాటు అది. ఆ రోజు అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు పోచన్నే. చెట్టెక్కనోనికి చెట్టెందుకు, ఈడ కల్లు గీసేటోనికే ఈడ చెట్టని గట్టిగా మాట్లాడిందీ అతనే.

కనుక ఆ ఏడాదంతా పోచన్న కళ్ల ముందు ఆ ఆదివారమే ఉంది.

కుటుంబానికి తోటలు నాలుగు. హమద్‌ది ఒకటి, అన్న సాలింది ఒకటి, అక్క మౌజాది ఒకటి. తండ్రి పేర ఇంకా పంచుకోనిది ఒకటి. కొండల్లోంచి వచ్చే నీళ్లకాలువ, వాళ్లు ఫలజ్ అంటారు, ఎనిమిది రోజులకోసారి వీళ్ల వంతుకు వస్తుంది. ఆ రోజు పొద్దున్నుంచి పోచన్న మడికట్టు తెరుస్తూ మూస్తూ ఒక తోట నుంచి ఇంకో తోటకు పరిగెత్తాలి. మిగతా రోజుల్లో మేకల గడ్డి, నిమ్మచెట్ల పాదులు, పేడ ఎత్తడం. వీసా కాగితం మీద హమద్ పేరొక్కటే ఉంది గానీ, ముగ్గురి దృష్టిలోనూ అతను తమ మనిషే. మౌజా పంపే అన్నంలో ఎప్పుడూ మాంసం ముక్క ఉండేది. సాలిం తన పాత చలికోటు ఇచ్చాడు. వాళ్లు చెడ్డవాళ్లని పోచన్న ఏనాడూ అనలేకపోయాడు. అదే అతనికి వచ్చిన చిక్కు.

చలి తగ్గుతుండగా పూతల పని మొదలైంది. ఖర్జూరంలో పోతుచెట్టు వేరు, కాసే చెట్టు వేరు. పోతుచెట్టు పూగెల కోసి, దాని పుల్లలు నాలుగైదు తీసుకుని, కాసే చెట్టు గెల విప్పి మధ్యలో దోపి కట్టాలి. అలా చేస్తేనే కాయ నిలుస్తుంది. ఒక్కో చెట్టుకు మూడు నాలుగు సార్లు ఎక్కాలి, గెలలన్నీ ఒకేసారి విచ్చుకోవు గనక. నాలుగు తోటల్లో కలిపి రెండు వందల చిల్లర చెట్లు. పోచన్న ముక్కులోకి, కనుబొమ్మల్లోకి పిండిలాంటి పుప్పొడి ఎక్కి రోజంతా తుమ్ములే. తాడిచెట్టు గెలను కాయనివ్వకుండా కోసి కల్లు దింపడమే అతని చేతులు ఇన్నాళ్లూ ఎరిగిన పని. ఇప్పుడు అవే చేతులతో గెల గెలకూ కాన్పు చేయిస్తున్నాడు. ఆ మాట ఊళ్లో ఉన్న భార్య శాంతవ్వకు ఫోన్లో చెబితే ఆమె బీడీలు చుడుతూనే పకపకా నవ్వింది.

"గిన్నేండ్లు చెట్ల నోరు గొట్టినవ్ గదా, గిప్పుడు తీరుతుంది తియ్యి," అంది.

ఎండలు ముదిరాక గెలల్ని కిందికి వంచి మట్టలకు కట్టాడు. జూన్‌లో మొదటి పండ్లు వచ్చాయి. ఏ చెట్టు ముందు పండుతుందో హమద్ కంటే పోచన్నకే ముందు తెలిసేది. జులై, ఆగస్టు నెలల్లో ఒళ్లు కాలిపోయే ఎండలో చెట్టు మీద గెల కోసి తాడుకట్టి దింపడం, కింద ఏరడం, ఒక రకం పచ్చికాయల్ని పెద్ద గంగాళాల్లో ఉడకబెట్టి చాపల మీద ఎండబెట్టడం. పోచన్న మోకు అరిగి పేలికలు తేలింది. హమద్ ఊళ్లోకి వెళ్లి ఇక్కడివాళ్లు చెట్టెక్కడానికి వాడే హాబూల్ తెచ్చిచ్చాడు. నడుము పట్టీ వెడల్పుగా, మెత్తగా ఉంది, తాడు కొత్తది. దాని మీద పోచన్న పేరు అరబ్బీలో కుట్టించి ఉంది. పోచన్న దాన్ని కళ్లకద్దుకుని కట్టుకున్నాడు. మోకును పారెయ్యకుండా మళ్లీ సూట్‌కేసు అడుగున పెట్టాడు.

గంగాళాలు కడిగి బోర్లించిన రోజు సెలవు మాట ఎత్తాడు.

హమద్ మరిచిపోలేదు. తప్పకుండా వెళ్లాలి, కానీ నా తోట సంగతి నేను చెప్పగలను, అన్న తోటలో ఎండు మట్టలు కొట్టడం ఉందేమో అడుగు అన్నాడు. సాలింను అడిగితే, నాదేముంది, అక్క ఆడమనిషి, ఆమె పని ముందు చూడు అన్నాడు. మౌజా తలుపు సగం తెరిచి, నీ వీసా హమద్‌ది, అతనే చెప్పాలి నాయనా అని, ఒక సీసా తేనె చేతిలో పెట్టింది. తండ్రి పేర ఉన్న తోటకు అడగడానికి మనిషే లేడు. ముసలాయన పోయి ఆరేళ్లయింది. పోచన్న ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరిగాడు. ఎక్కడా కాదన్నవాడు లేడు. బుక్రా, బుక్రా, రేపు చూద్దాం అన్నవాళ్లే అందరూ.

ఆ వారమే శాంతవ్వ ఫోన్ చేసింది. ఈసారి నవ్వు లేదు. పెద్దులు నిన్న మన ఈతల కాడ మట్టలు చెక్కాడని చెప్పింది.

"ఇన్నేండ్లు పంపకం అయినంకనే చెక్కెటోడు. గీసారి ముందుగాల్నే చెక్కిండు. నేను అడిగితే, అన్న వస్తడా వదినే అని నన్నే అడిగిండు. ఏం జెప్పాలె?"

"వస్తడని చెప్పు."

"చెప్పిన. టికెట్ తీసిండా అన్నడు."

పోచన్న పట్టుబట్టాడు. రోజూ పొద్దున హమద్ ఇంటి గుమ్మం ముందు నిలబడటం మొదలుపెట్టాడు. చివరికి అన్నదమ్ములు, అక్క కూర్చుని మాట్లాడుకున్నారు. అతను లేని నెల రోజులకు బదులు మనిషి కావాలి. చలికాలం ముందు మట్టలు కొట్టకపోతే పూతల నాటికి ఎవరూ చెట్టు దరికి పోలేరు. బదులు మనిషి దొరికి, పని నేర్చుకుంటే, ఆ మర్నాడే పోచన్న బయలుదేరొచ్చు. మాట ఖాయం. హమద్ టికెట్ ధర కూడా కనుక్కున్నాడు.

ఇస్రార్ అనే బీహారీ మనిషి అల్ అమెరాత్ నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. సైట్‌లో పదంతస్తుల పరంజా మీద రంగులు వేశానని, చెట్టొక లెక్కా అని గొప్పలు చెప్పాడు. పోచన్న తన పెదనాన్న తనకు నేర్పినట్టే అతనికి నేర్పాడు. నడుము వెనక్కి వాల్చాలి, బరువు తాడుకివ్వాలి, కిందికి చూడకూడదు, చెట్టును కౌగిలించుకోకూడదు. దసరాకు ఇంకా ఎనిమిది రోజులుంది. పోచన్న అతనికి టీ కాచి ఇచ్చాడు, కాళ్లకు నూనె రాశాడు. పొట్టి చెట్లతో మొదలుపెట్టి మెల్లగా పెద్దవాటికి తెచ్చాడు. ఐదో రోజు ఇస్రార్ ఇరవై అడుగులు ఎక్కి దిగాడు. పోచన్న ఆ పూట శాంతవ్వకు ఫోన్ చేసి, నేనొస్తున్నానని గంగాప్రసాద్‌తో చెప్పమన్నాడు. గంగాప్రసాద్ సంఘం అధ్యక్షుడు, అతనికి వరసకు బావ.

ఆరో రోజు హమద్ అందరినీ పిలుచుకొచ్చాడు. సాలిం వచ్చాడు, మౌజా పిల్లల్ని తీసుకొచ్చి గోడ నీడన నిలబడింది. ఇస్రార్ సాలిం తోటలో ఒక పాత చెట్టెక్కాడు. ముప్పై అడుగుల దాకా బాగానే పోయాడు. అక్కడ గాలికి ఒక ఎండుమట్ట అతని మొహం మీద గీరింది. అంతే, తాడు వదిలేసి రెండు చేతులా చెట్టును కావలించుకున్నాడు. చెయ్యకూడదన్న పనే అది. తాడు జారి మోకాళ్ల దాకా వచ్చింది. పిలిచినా పలకలేదు, కళ్లు మూసుకుని వాళ్లమ్మను తలుచుకుంటున్నాడు.

పోచన్నకు ఆ క్షణంలో ఏమీ తోచలేదు. తోచి ఉంటే బాగుండేదా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. నిచ్చెన కోసం పంపి, కింద గడ్డిమోపులు పరిచి, నలుగురిలో ఒకడిగా నిలబడి ఉంటే సరిపోయేది. కానీ చెట్టు మీద మనిషి చిక్కుకుంటే గీతపనివాడు కింద నిలబడడు. హాబూల్ బిగించి ఎక్కాడు. ఇస్రార్ వెనక నుంచి చేరి, తన తువ్వాలతో అతన్ని తన నడుముకు కట్టుకుని, ఒక్కో మోడు మీద కాలు పెట్టిస్తూ, పసివాడికి చెప్పినట్టు చెబుతూ నేల మీదికి తెచ్చాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మౌజా కళ్లు తుడుచుకుంది. సాలిం వచ్చి పోచన్న నుదురు ముద్దుపెట్టుకున్నాడు.

వాళ్లు ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకోవడం పోచన్న గమనించాడు. ఇంకో మనిషిని వెతికే మాట అక్కడితో ఆగింది. ఇస్రార్ ఆ సాయంత్రమే మూట కట్టుకుని వెళ్లిపోయాడు. ఇలాంటి చెట్ల మీదికి ఇంకొకర్ని ఎక్కించి ప్రాణం మీదికి తెచ్చుకోవడం పాపమని, పూతల పని అయ్యాక మార్చిలో నెల కాదు, రెండు నెలలు వెళ్లమని హమద్ చెప్పాడు. చెబుతున్నంతసేపూ పోచన్న చెయ్యి వదల్లేదు.

ఇనాయత్ గడ్డి కోసం వచ్చినప్పుడు పోచన్న అదంతా చెప్పాడు.

ఇనాయత్ చేతిలోని గడ్డిమోపు బండిలోకి విసిరాడు. తర్వాత, "వాడు పడింటే కేసుకు జడిసి చెట్ల పనే ఆపేసుందురు, నువ్వు ఊరికి పోయేవానివన్నా," అన్నాడు.

"పడితే నేను చెట్టెట్ల ఎక్కుదు ఇంక?" అన్నాడు పోచన్న.

తోవ ఒకటే మిగిలింది. అది ఇనాయత్‌కే తట్టింది. వీడియో కాల్. అందరి ముందూ చెట్టెక్కి చూపడమే కదా కట్టుబాటు. అందరూ ఫోన్లో చూస్తారు. శాంతవ్వ గంగాప్రసాద్‌ను అడిగింది. అతను కాదనలేదు, ఔననలేదు, సభలో పెడదాం అన్నాడట.

ఆదివారం వచ్చింది. అక్కడ తొమ్మిదయితే ఇక్కడ ఏడున్నర. నాలుగు తోటల్లోకీ ఎత్తయిన చెట్టు తండ్రి పేర ఉన్న తోటలో కాలువ పక్కన ఉంది. అరవై అడుగులకు తక్కువుండదు. పోచన్న స్నానం చేసి, ఉతికిన లుంగీ గోచిపెట్టి, పేరు కుట్టిన హాబూల్‌ను పక్కన పెట్టాడు. సూట్‌కేసు అడుగు నుంచి తన మోకు తీశాడు. పేలికలు తేలినచోట కొత్త నార చుట్టి బిగించుకున్నాడు. కత్తి తీసుకోలేదు, ఎక్కుడొక్కటే చూపాలి గనక. ఇనాయత్ ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. అవతల శాంతవ్వ ఫోన్ పట్టుకుంది. తెర మీద ఈతవనం అంచున కూర్చున్న ముప్పై మంది కనిపించారు. పోచన్న వాళ్లకు చేతులు జోడించి చెట్టుకు మొక్కాడు.

అతను ఆ రోజు ఎక్కినట్టు ఎన్నడూ ఎక్కలేదు. ఆగలేదు, తడుముకోలేదు. మోకు పైకి విసరడం, కాళ్లు ఎత్తడం, మళ్లీ విసరడం. తాడు చెట్టుకు తగిలిన చప్పుడు ఒకే తాళంలో వినిపించింది. మొవ్వ కిందికి చేరి, రెండు చేతులూ వదిలి, వెనక్కి వాలి నిలబడ్డాడు. ఇనాయత్ ఫోన్ పైకెత్తి స్పీకర్ పెట్టాడు. ఎవరో "ఓ పోచన్నా, గక్కడ కల్లు తియ్యగుంటదా" అని అరిచారు. నవ్వులు వినిపించాయి. పోచన్నా నవ్వాడు. ఆ కాసేపు అతను వాళ్ల మధ్యనే ఉన్నాడు.

తర్వాత గంగాప్రసాద్ గొంతు వచ్చింది.

"బావా, నీ ఎక్కుడు మీద ఎవ్వనికి అనుమానం లేదు. ఊళ్లె నీ అంతటోడు లేడు, గది అందరెరిగిందే. కని అది మన చెట్టు గాదు."

"చెట్టు చెట్టే గద బావా," అన్నాడు పోచన్న. అంత ఎత్తు నుంచి మాట వినపడిందో లేదో అని మళ్లీ అరిచాడు.

"మందిచెట్టెక్కినా మన చెట్టెక్కినట్టేనా? గట్లయితే దుబాయిల ఉన్నోళ్లందరు ఎక్కుతరు. అప్పుడు నువ్వే అన్నవ్ గదనే. నేను రాసిపెట్టుకున్న, నీ మాటే. ఈడ కల్లు గీసేటోనికే ఈడ చెట్టు."

అవతల కాసేపు గుసగుసలు. శాంతవ్వ ఏదో అంటోంది, ఎవరో ఆమెను ఊరుకోబెడుతున్నారు. చెట్లు పెద్దులుకు రాశారు. పెద్దులు తల వంచుకుని ఉన్నాడని, అన్నా తప్పుగా అనుకోకు అన్నాడని శాంతవ్వ చెప్పింది. ఫోన్ ఆగిపోయింది.

పోచన్న దిగలేదు. పైనుంచి నాలుగు తోటలూ కనిపిస్తున్నాయి. ఏ చెట్టు ఎక్కడ వంగి ఉందో, ఏ చెట్టుకు ఏ గెల ముందు విచ్చుకుంటుందో అన్నీ తెలుసు. పద్దెనిమిది ఈతలు ఒక్కొక్కటీ గుర్తు చేసుకోబోయాడు. పదకొండు దాకా వచ్చి తప్పిపోయాయి. ఎంత తడుముకున్నా పన్నెండోది ఏ గట్టు మీద ఉందో జ్ఞాపకం రాలేదు.

కింద చప్పట్లు వినిపించాయి. హమద్ ఎప్పుడొచ్చాడో, సాలిం కూడా వచ్చాడు. హమద్ చేతిలో ఫోన్ ఉంది, వీడియో తీస్తున్నాడు. మాషా అల్లా, మాషా అల్లా అంటున్నాడు. వాళ్ల చిన్నాన్న కొడుకు తోటలోనూ ఎక్కేవాడు లేడట, ఈ వీడియో చూపిస్తాడట. ఎలాగూ పైనున్నావు గదా, ఆ ఎండుమట్టలు కూడా కొట్టేస్తే పని అయిపోతుంది అన్నాడు. మంచి మాటే. మళ్లీ ఎక్కే శ్రమ తప్పుతుంది.

ఇనాయత్ తలెత్తి చూస్తూ నిలబడ్డాడు. "దిగన్నా. దిగిరా ముందు. టీ తాగుదాం."

పోచన్న నడుముకు చుట్టుకున్న సన్నతాడు విప్పి కిందికి వదిలాడు.

"కత్తి కట్టు ఇనాయత్," అన్నాడు.

మొదటి మట్ట కాలువలో పడింది. నీళ్లు దాన్ని కొంత దూరం తోసుకుపోయి మడికట్టు దగ్గర వదిలాయి. హమద్ చెప్పుల్తో నీళ్లలోకి దిగి, దాన్ని పక్కకు లాగి, మార్చి సెలవు సంగతి మరవలేదులే అని పైకి కేకేశాడు. ఇక అక్కర్లేదని పోచన్న తెలుగులోనే జవాబు చెప్పాడు. అర్థంకాక హమద్ ఇనాయత్ వంక చూశాడు. ఇనాయత్, సరే అంటున్నాడు అర్బాబ్ అని చెప్పి, బండి వైపు నడిచాడు.